గజాల లెక్క, గుంట చూపు: గోల్ఫ్ వెడ్జ్ దెబ్బల్లో దూర నియంత్రణ, ఎత్తుగడ – కృష్ణా డెల్టా నుడికారంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం: గోల్ఫ్ ఆటలో గుంటకు వంద గజాల లోపు నుంచి కొట్టే వెడ్జ్ దెబ్బలకు బలం కంటే కొలత ముఖ్యం. ఆ కొలత ఎలా కుదురుతుందో, ఏ దెబ్బను ఎప్పుడు ఎంచుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. చల్లపల్లి ప్రాంతంలో వాడుకలో ఉన్న భూమి కొలతలు, బిళ్ళంగోడు ఆట తీరు ఈ వివరణకు ఆధారం. తెలుగు కుటుంబానికి చెందిన అమెరికా ఆటగాడు సాహిత్ తీగల 2022లో ఆడిన రెండు పోటీల ముగింపులను ఎత్తుగడకు ఉదాహరణలుగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గోల్ఫ్, వెడ్జ్, దూర నియంత్రణ, ఎత్తుగడ, గజం, బిళ్ళంగోడు, చల్లపల్లి, సాహిత్ తీగల, క్రీడా పరిభాష.

1. ఉపోద్ఘాతం

మచిలీపట్నం నుంచి దివిసీమకు పోయే దారిలో ఉన్న చల్లపల్లిలో గోల్ఫ్ మైదానం లేదు. తెలుగు నేల మీద ఈ ఆటకు నెలవులు వేరే ఉన్నాయి. విశాఖపట్నంలో బ్రిటిష్ కాలం నాటి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్, గోల్కొండ కోటలో నయా ఖిల్లా భాగంలో హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్, గచ్చిబౌలి దగ్గర రాతిగుట్టల నడుమ బౌల్డర్ హిల్స్ వాటిలో ప్రసిద్ధమైనవి. అయినా ఈ ఆటలోని ఒక సూక్ష్మాన్ని తెలుగులో వివరించడానికి చల్లపల్లి చుట్టుపక్కల పొలాలే అనువైన చోటు. కంటితో నేలను కొలిచే అలవాటు, చేతి ఊపుతో దూరాన్ని పంచే అలవాటు అక్కడి జీవనంలో ఉన్నాయి. వాటికి మాటలు కూడా ఉన్నాయి.

ఈ ప్రయత్నం అవసరమా అనే ప్రశ్న సహజం. గోల్ఫ్ సంపన్నుల ఆట, ఇంగ్లీషు చదువుకున్నవారి ఆట అన్న అభిప్రాయం బలంగా ఉంది. ఆడేవారిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే అది చాలావరకు నిజం. కానీ మైదానం ఆడేవారితోనే నడవదు. సంచీ మోస్తూ దూరం చెప్పే కేడీలు, పచ్చికను పెంచి కోసే పనివారు కూడా ఆ ఆటలో భాగమే. మనదేశంలో ఈ వర్గం నుంచే గొప్ప ఆటగాళ్ళు వచ్చారు. ఢిల్లీలో కేడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ పోటీని గెలిచిన తొలి భారతీయ వృత్తి క్రీడాకారుడు అతడే. ఇటువంటివారికి విద్య కంటితో, చేతితో అబ్బుతుంది. ఆ విద్యకు శాస్త్రీయమైన వివరణ తోడు కావాలంటే అది వారి భాషలో ఉండాలి. తెలుగులో క్రికెట్టుకు అటువంటి వివరణ పత్రికల ద్వారా, రేడియో వ్యాఖ్యానం ద్వారా ఏర్పడింది. గోల్ఫ్‌కు ఏర్పడలేదు.

2. గజం, సెంటు, ఎకరం

గోల్ఫ్‌లో దూరాలన్నీ గజాల్లో చెబుతారు. మీటర్లకు మారిన దేశాల్లో కూడా చాలాచోట్ల ఈ కొలత నిలిచింది. తెలుగువారికి ఇది పరాయి కొలత కాదు. విజయవాడలో ఇళ్ళస్థలం కొనేవారు నేటికీ గజాల్లోనే బేరమాడతారు. అది చదరపు గజమే అయినా మూడడుగుల నిడివి వారి మనసులో ఉంటుంది. పల్లెల్లో గజం వినిపించదు, ఎకరం, సెంటు వినిపిస్తాయి. ఈ రెండు లెక్కలనూ కలిపితే ఒక ఆసక్తికరమైన విషయం బయటపడుతుంది.

ఎకరం అంటే 4840 చదరపు గజాలు. చేను నలుచదరంగా ఉందనుకుంటే దాని ఒక్కొక్క గట్టు పొడవు దాదాపు 70 గజాలు. అర ఎకరం చేను గట్టు 49 గజాలు. రెండెకరాల చేను గట్టు 98 గజాలు. పాతిక సెంట్ల మడి గట్టు 35 గజాలు. ఈ నాలుగు సంఖ్యలనూ గోల్ఫ్ నేర్పేవారి ముందు ఉంచితే అవి వెడ్జ్ దూరాల పట్టికలా కనిపిస్తాయి. వెడ్జ్‌తో అరకొర ఊపుగా కొట్టే దెబ్బలు సరిగ్గా ఈ పరిధిలోనివే. నిజానికి చేలు నలుచదరంగా ఉండవు. కాలువ వంపును బట్టి, పంపకాలను బట్టి సాగి ఉంటాయి. అయినా చూపుకు అలవాటైన రైతు ఇది ఎకరం ముక్క అని, ఇది డెబ్బై సెంట్లకు మించదు అని గట్టు మీద నిలబడే చెప్పగలడు. కొత్తగా ఆట మొదలుపెట్టే పట్టణవాసికి లేనిది ఈ చూపే. జెండా ఎంత దూరంలో ఉందో తెలియక అతడు పరికరం మీద ఆధారపడతాడు. దూరం చూపే పరికరాలను 2019 నాటి నియమావళి సాధారణంగా అనుమతించింది. పరికరం సంఖ్య చెబుతుంది, ఆ సంఖ్యను చేతి ఊపుగా మార్చే పని మనిషికే మిగులుతుంది.

కంటితో అంచనా కట్టడమే ఆటలో భాగమైన సందర్భం తెలుగు పిల్లల ఆటల్లో ఉంది. మినుము తీసేశాక ఖాళీ అయిన చేలలో ఆడే బిళ్ళంగోడులో బిళ్ళ పడిన చోటికి గుంట నుంచి ఎన్ని గోడులో లెక్క. కొన్ని ఊళ్ళలో కొలవడానికి ముందే ఆడినవాడు ఇన్ని అని అడుగుతాడు. ఎదుటి జట్టు ఒప్పుకుంటే సరి, లేకపోతే గోడుతో కొలుస్తారు. ఎక్కువ అడిగినవాడు నష్టపోతాడు. తెలంగాణలో చిర్రగోనె అని పిలిచే ఈ ఆటకు బిళ్ళ కొసను చెక్కడం ప్రాణం. వాలుగా చెక్కిన కొస మీద తగిలిన దెబ్బ బిళ్ళను ముందుకు కాక పైకి లేపుతుంది. వెడ్జ్ చేసే పని కూడా అదే. తేడా అంతా వాలు ఎక్కడ ఉందన్నదే. బిళ్ళంగోడులో వాలు బిళ్ళకు ఉంటుంది, గోల్ఫ్‌లో కర్రకు ఉంటుంది.

3. వెడ్జ్ అనే కర్ర

నియమం ప్రకారం ఆటగాడు 14 కర్రలకు మించి సంచీలో పెట్టుకోరాదు. వాటిలో మూడో నాలుగో వెడ్జ్‌లు ఉంటాయి. మొద్దు చీల్చేటప్పుడు నెర్రెలో దిగగొట్టే ఏటవాలు ముక్కను ఇంగ్లీషులో ఆ మాటతో పిలుస్తారు. కర్ర ముఖం ఆ రీతిలో వెనక్కి వాలి ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. వాలు సుమారు 44 నుంచి 48 డిగ్రీలు ఉన్నది పిచింగ్ వెడ్జ్. 50 నుంచి 52 వరకు ఉన్నది గ్యాప్ వెడ్జ్. 54 నుంచి 56 వరకు ఉన్నది శాండ్ వెడ్జ్. 58 దాటితే లాబ్ వెడ్జ్. వాలు పెరిగిన కొద్దీ బంతి ఎత్తుకు పోతుంది, దూరం తగ్గుతుంది.

వాలు అందరికీ కనిపిస్తుంది. కనిపించని గుణం కర్ర అడుగుభాగంలో ఉంది. నాగలి కర్రు మొన నేలలో దిగబడుతుంది. దమ్ము చేసిన మడిని చదును చేసే పలక అదే బురద మీద జారిపోతుంది. వెడ్జ్ అడుగున ఉండే గుండ్రని ఉబ్బు పలకలా పనిచేసి, ముందంచు కర్రులా దిగబడకుండా కాపాడుతుంది. అమెరికా ఆటగాడు జీన్ సారజెన్ 1930ల ఆరంభంలో ఇసుకలో ఆడే కర్రకు ఈ ఉబ్బును చేర్చి మెరుగుపరిచాడు. దానితో 1932లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. డెల్టాలోని మెత్తని ఒండ్రు వంటి నేలకు ఉబ్బు ఎక్కువ ఉన్న కర్ర మేలు. తెలంగాణలోని గట్టి నేలకు తక్కువ ఉన్నది మేలు, లేకపోతే కర్ర నేలను తాకి పైకి ఎగిరి బంతిని నెత్తిన కొడుతుంది.

కర్ర ముఖం మీద సన్నని గాళ్ళు ఉంటాయి. బంతిని అవి పట్టుకోవడం వల్ల బంతి వెనక్కి తిరుగుతూ పోతుంది. ఈ స్పిన్ వల్లనే అది గ్రీన్ మీద పడ్డాక త్వరగా ఆగుతుంది. పుష్య మాసపు ఉదయం పచ్చిక మీద మంచు ఉన్నప్పుడు బంతికి, గాళ్ళకు మధ్య తడి చేరుతుంది. పట్టు తగ్గుతుంది. అదే ఊపుతో కొట్టిన బంతి ఆగవలసినచోట ఆగక దొర్లిపోతుంది. కారణం తెలియని ఆటగాడు తన చేతిని తప్పుపట్టి, తరువాతి దెబ్బలో ఊపు తగ్గించి మరో తప్పు చేస్తాడు.

4. బలాన్ని కాదు, ఊపును కొలవాలి

దూర నియంత్రణలో కేంద్రమైన విషయం ఇది. యాభై గజాల దూరం ఎదురైనప్పుడు అనుభవం లేనివాడు కర్రను పూర్తిగా వెనక్కి ఎత్తుతాడు. దించేటప్పుడు ఇంత బలం అక్కర్లేదని గుర్తుకు వస్తుంది. బంతిని తాకే ముందు చేతిని బిగబడతాడు. కర్ర నెమ్మదిస్తుంది, ముందు నేలకు తగులుతుంది, బంతి నాలుగు గజాలు పోయి ఆగుతుంది. దెబ్బ మధ్యలో బలాన్ని సవరించడం మనిషి చేతికి సాధ్యమయ్యే పని కాదు. వెనక్కి ఎత్తే పొడవును మాత్రం ముందుగా నిర్ణయించుకోవచ్చు. అందువల్ల లయను ఎప్పుడూ ఒకేలా ఉంచి ఊపు పొడవును మార్చాలి.

వెదజల్లే రైతు చేతిని గమనిస్తే ఈ సూత్రం కళ్ళకు కడుతుంది. యూరియా చల్లేవాడు ప్రతి పిడికిలికీ బలం మార్చడు. అడుగుకు ఒక ఊపు చొప్పున ఒకే లయలో నడుస్తాడు. గట్టు దగ్గరికి వచ్చినప్పుడు ఎరువు పక్క చేలో పడకుండా చేతి వీచును కురచ చేస్తాడు, లయను తగ్గించడు. మొదటిసారి చల్లే కుర్రవాడు గట్టు దగ్గర చెయ్యి బిగబట్టి అక్కడే కుప్ప పోస్తాడు.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో భౌతిక శాస్త్రవేత్తగా పనిచేసిన డేవ్ పెల్జ్ తరువాత గోల్ఫ్ శిక్షకుడై ఈ సూత్రాన్ని గడియారంతో చెప్పాడు. ఎదురుగా నిలబడి చూసేవారికి ఆటగాడి ఎడమ చెయ్యి గడియారపు ముల్లులా కనబడుతుంది. చెయ్యి వెనక్కి పోయి ఏడున్నర దగ్గర ఆగితే ఒక దూరం, తొమ్మిది దగ్గర ఆగితే మరొకటి, పదిన్నర దగ్గర ఆగితే ఇంకొకటి. నాలుగు వెడ్జ్‌లకు మూడేసి ఊపుల చొప్పున పన్నెండు దూరాలు ఏర్పడతాయి. ఆటగాడు ఒక్కొక్క కలయికతో పదుల కొద్దీ బంతులు కొట్టి, అవి ఎక్కువగా పడిన చోటును కొలిచి చీటీ మీద రాసుకుంటాడు. ఆ చీటీ ఇద్దరు మనుషులకు ఒకేలా ఉండదు. ఒకరి తొమ్మిది గంటల ఊపు 70 గజాలు కావచ్చు, మరొకరిది 55 కావచ్చు. పుస్తకంలోని పట్టికను వల్లించడం వల్ల ప్రయోజనం లేదు. ఎవరి చీటీ వారే రాసుకోవాలి.

తెలుగులో గడియారం కంటే శరీరమే సులువైన కొలబద్ద. ఏడున్నరకు చేతులు ఇంచుమించు నడుము దగ్గర, తొమ్మిదికి రొమ్ము దగ్గర, పదిన్నరకు భుజం పైన ఉంటాయి. నడుము దాకా, రొమ్ము దాకా, భుజం పైకి అంటే గడియారం చూడటం రాని చిన్నపిల్లవాడికి కూడా తెలుస్తుంది. జానెడు, మూరెడు, బారెడు అని దేహంతోనే లోకాన్ని కొలిచిన భాషకు ఇది కొత్త కాదు.

ఇంత జాగ్రత్త ఎందుకో లెక్క చెబుతుంది. గాలి అడ్డును పక్కన పెడితే బంతి పోయే దూరం దాని వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. నూరు గజాలు పోయే వేగంలో పదో వంతు తగ్గితే బంతి 81 గజాలే పోతుంది. ఇరవయ్యో వంతు తగ్గినా 90 గజాల దగ్గర ఆగుతుంది. చేతికి తెలియనంత చిన్న తేడా పది గజాల తప్పు అవుతుంది. పది గజాలంటే 30 అడుగులు, అంటే అయిదు బారలు. అమెరికా పోటీల్లో ఆడే మేటి ఆటగాళ్ళు కూడా 8 అడుగుల నుంచి రెండుసార్లలో ఒకసారి మాత్రమే బంతిని గుంటలో వేయగలరు. 30 అడుగుల నుంచి నూటికి ఏడుసార్లే వేయగలరు. బారన్నర లోపు ఆపగలిగినవాడికీ, అయిదు బారలు తప్పినవాడికీ మధ్య తేడా ఇక్కడ ఏర్పడుతుంది. బలవంతుడైనంత మాత్రాన ఈ తేడా పూడదు. టోక్యో ఒలింపిక్స్‌లో బెంగళూరు క్రీడాకారిణి అదితి అశోక్ తోటివారిలో చాలామంది కంటే తక్కువ దూరం కొట్టే ఆటగత్తె. అయినా 2021 ఆగస్టులో పతకానికి ఒక్క దెబ్బ దూరంలో నాలుగో స్థానంలో నిలిచింది. గుంటకు దగ్గరి ఆటే ఆమెను అక్కడికి చేర్చింది.

దూరంలో రెండు భాగాలు ఉంటాయి. బంతి గాలిలో పోయేది ఒకటి, పడ్డాక దొర్లేది మరొకటి. వెడ్జ్ చీటీలో మొదటిదే రాసుకోవాలి. దొర్లుడు ఆ రోజు నేలను బట్టి, తడిని బట్టి, వాలును బట్టి మారుతుంది. గ్రీన్ ముందు ఇసుక గుంట ఉంటే దాన్ని దాటించేది గాలిలో పోయిన దూరం మాత్రమే. ఎదురుగాలి ఉన్నప్పుడు ఎత్తుకు లేచే బంతి ఎక్కువ నష్టపోతుంది. విశాఖ వంటి తీరంలో మధ్యాహ్నం తరువాత సముద్రపు గాలి లేచినప్పుడు వాలు ఎక్కువ ఉన్న కర్రతో పూర్తి ఊపు కంటే వాలు తక్కువ ఉన్న కర్రతో కురచ ఊపు నమ్మదగినది. పన్నెండు దూరాల చీటీలో ఒకే దూరానికి రెండు దారులు ఉండటం వల్ల కలిగే అసలు లాభం ఇదే.

5. ఎత్తుగడ

ఇంగ్లీషులో కోర్స్ మేనేజ్‌మెంట్ అనే మాటను మైదాన నిర్వహణ అని మాటకు మాట అనువదిస్తే గడ్డి కోయించడం, నీళ్ళు పెట్టించడం అనే అర్థం వస్తుంది. నిజానికి అది ఏ చోటికి, ఏ కర్రతో, ఎంత సాహసంతో కొట్టాలన్న నిర్ణయం. తెలుగులో ఎత్తుగడ అనే మాట దీనికి సరిపోతుంది. ఎదుటివాడి ఎత్తును చూసి వేసే ఎత్తు అది. ఇక్కడ ఎదుటివాడు మైదానమే.

ఎత్తుగడకు తొలి మెట్టు తన తప్పుల పరిధిని ఒప్పుకోవడం. ఒకే కర్రతో ఒకే ఊపుతో ఇరవై బంతులు కొడితే అవి ఒకచోట పడవు. చల్లిన గింజల్లా పరుచుకుంటాయి. ఆ పరుపు నడిమి భాగాన్ని దేని మీద ఉంచాలన్నదే ప్రశ్న. జెండా గ్రీన్ ఎడమ అంచున ఉండి దాని పక్కనే చెరువు ఉందనుకుందాం. జెండాకు గురిపెడితే గింజల్లో సగం నీటిపాలు. గురిని కుడికి నాలుగు గజాలు జరిపితే మంచి దెబ్బ జెండాకు కొంచెం దూరంగా ఆగుతుంది, చెడ్డ దెబ్బ కూడా పొడి నేల మీదే ఉంటుంది. సాధారణ ఆటగాడు తన జీవితంలో కొట్టిన అతి మంచి దెబ్బను తన దూరంగా లెక్కవేసుకుంటాడు. అందువల్ల అతడి బంతులు ఎక్కువగా గ్రీన్ ముందే ఆగిపోతాయి. జెండా దూరంతో పాటు గ్రీన్ ముందంచు, వెనుకంచు ఎంత దూరమో తెలుసుకొని, ఆ రెండింటి నడుమ తన పరుపు పట్టే కర్రను ఎంచుకోవాలి.

ఈ విషయంలో చాలాకాలం చెలామణీ అయిన ఒక సలహా ఉంది. గుంటకు మరీ దగ్గరగా పోయి అరకొర దెబ్బ మిగుల్చుకోవడం కంటే, పూర్తి ఊపుతో కొట్టదగిన నూరు గజాల దగ్గర ఆగడం మేలన్నది ఆ సలహా. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రోడీ అమెరికా పోటీల్లో నమోదైన లక్షలాది దెబ్బలను విశ్లేషించి 2014లో ఒక గ్రంథం ప్రచురించాడు. అందులోని లెక్కల ప్రకారం కోసిన పచ్చిక మీద నూరు గజాల దూరం నుంచి మేటి ఆటగాడికి గుంటలో వేయడానికి సగటున 2.80 దెబ్బలు పడతాయి. 60 గజాల నుంచి 2.70 పడతాయి. దగ్గరే మేలన్నమాట. అంతటితో ఆగితే సలహా తప్పని తేలిపోతుంది. కానీ అదే పట్టికలో 60 గజాల దూరాన పొడవు గడ్డిలో పడిన బంతికి 2.91, ఇసుకలో పడినదానికి 3.15 పడతాయని ఉంది. దగ్గరికి పోయే ప్రయత్నంలో గడ్డిలోకో ఇసుకలోకో జారితే నూరు గజాల దగ్గర ఆగినవాడి కంటే వెనుకబడినట్టే. దూరం ఒక్కటే చూసే సలహాలు, నేల ఒక్కటే చూసే సలహాలు రెండూ సగం నిజాలే. చేలో అడ్డంగా నడిస్తే ఊరు దగ్గరే, కానీ దమ్ము చేసిన మడిలో కాలు దిగబడితే గట్టు మీద చుట్టూ వచ్చినవాడే ముందు చేరతాడు.

2007 మాస్టర్స్ పోటీలో జాక్ జాన్సన్ చేసింది ఇదే. అగస్టాలోని అయిదు దెబ్బల పొడవు గుంటల్లో బలవంతులు రెండో దెబ్బకే గ్రీన్ చేరాలని ప్రయత్నిస్తారు. జాన్సన్ నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా ఆ ప్రయత్నం చేయలేదు. ప్రతిసారీ గ్రీన్‌కు ఇవతల ఆగి, మూడో దెబ్బతో గ్రీన్ మీదికి కొట్టాడు. ఆ గుంటలన్నిటిలో కలిపి 11 దెబ్బలు మిగుల్చుకొని పోటీ గెలిచాడు. అయితే దీన్ని అందరికీ వర్తించే సూత్రంగా బోధించడం తగదు. అతడి చీటీలో వెడ్జ్ దూరాలు ఖచ్చితంగా ఉన్నాయి కాబట్టి ఆ ఎత్తుగడ ఫలించింది. వెడ్జ్ మీద అదుపు లేనివాడు ముందే ఆగితే ఒక దెబ్బ వృథా చేసుకున్నట్టే.

6. సాహిత్ తీగల: రెండు ముగింపులు

సాహిత్ తీగల 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. తల్లిదండ్రులు హైదరాబాదు నుంచి వలసవెళ్ళినవారు. పెపర్‌డైన్ విశ్వవిద్యాలయంలో ఆడి, విద్యార్థి క్రీడాకారులకు ఇచ్చే అత్యున్నత పురస్కారాలు 2020లో అందుకొని వృత్తి ఆటలోకి వచ్చాడు. 2022లో రెండుసార్లు విజయం అతడి అంచు దాకా వచ్చి తప్పిపోయింది. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టడం పరిపాటి అయింది. ఎత్తుగడ దృష్టితో చూస్తే అవి వేర్వేరు సంఘటనలు.

మొదటిది ఫిబ్రవరిలో అరిజోనాలో జరిగిన ఫీనిక్స్ ఓపెన్. చివరిరోజు 17వ గుంట దగ్గరికి వచ్చేసరికి అతడు ముందున్నవారితో సమానంగా ఉన్నాడు. అది ఒక్క దెబ్బలో గ్రీన్ చేరగలిగినంత కురచ గుంట, ఎడమవైపు నీరు ఉంది. సాహిత్ పెద్ద కర్రతో గ్రీన్ వైపు కొట్టాడు. బంతి నేల మీద పడి, ఎడమకు ఎగిరి, నీటిలోకి దొర్లింది. ఒక దెబ్బ నష్టంతో అతడు తుది పోరుకు ఒక్క దెబ్బ దూరంలో మూడో స్థానాన్ని పంచుకున్నాడు. స్కాటీ షెఫ్లర్ ఆ పోటీలో తన తొలి విజయం అందుకున్నాడు. కురచ కర్రతో నీటికి ఇవతల ఆగి వెడ్జ్‌తో ఆడవలసిందని తరువాత చాలామంది అన్నారు. అది ఫలితాన్ని చూసి నిర్ణయాన్ని తూచడం. గ్రీన్ దగ్గరికి చేరిన బంతికి ఉండే లాభం ఆ గుంటలో చాలా ఎక్కువ. ఎంచుకున్న ఎత్తు సమంజసమైనది, బంతి ఎగిరిన తీరు దురదృష్టం.

రెండోది జూన్‌లో కనెటికట్‌లో జరిగిన ట్రావెలర్స్ పోటీ. 17వ గుంటలో ఒక దెబ్బ మిగుల్చుకొని సాహిత్ ఒక్క దెబ్బ ఆధిక్యంతో చివరి గుంటకు వచ్చాడు. తొలి దెబ్బ ఇసుక గుంటలో, దాని గట్టుకు దగ్గరగా పడింది. రెండో దెబ్బకు బంతి గట్టుకు తగిలి ఇసుకలోనే ఉండిపోయింది. మూడో దెబ్బకు బయటపడింది. చివరికి రెండు దెబ్బలు నష్టపోయాడు. వెనుక వస్తున్న జాండర్ షాఫెలే చివరి గుంటలో ఒక దెబ్బ మిగుల్చుకొని గెలిచాడు. ఇక్కడ తూచవలసింది రెండో దెబ్బ. గట్టు దగ్గరి బంతిని వాలు ఎక్కువ ఉన్న కర్రతో ముందు బయట పడేస్తే గ్రీన్‌కు ఒక వెడ్జ్ దెబ్బ మిగిలేది. ఆ దెబ్బ జెండా దగ్గర ఆగితే నష్టమే ఉండేది కాదు, ఆగకపోతే ఒక దెబ్బ పోయేది. వెనుక ఉన్నవాడు ఇంకా ఆట ముగించలేదు కనుక ఆ క్షణానికి ఒక దెబ్బ నష్టం అంటే సమానంగా నిలవడం. రెండు దెబ్బల నష్టం అంటే చేజారడం. మైదానంలో నిలబడినవాడి మీద ఉండే ఒత్తిడి కాగితం మీద రాసేవారికి ఉండదు. అయినా నిర్ణయంలో సవరించుకోదగినది ఉన్నది ఈ రెండో సందర్భంలోనే, మొదటిదానిలో కాదు.

2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని నాపాలో జరిగిన ఫోర్టినెట్ పోటీని సాహిత్ రెండు దెబ్బల తేడాతో గెలిచాడు. మరుసటి ఏడాది టూర్ ఛాంపియన్‌షిప్ మూడోరోజున, ఇసుక గుంటలో కర్రను వెనక్కి ఎత్తేటప్పుడు ఇసుక రేణువులు కదిలాయని తానే చెప్పి రెండు దెబ్బల జరిమానా వేయించుకున్నాడు. ఆ పోటీలో అతడికి, రెండో స్థానానికి నడుమ మిగిలిన తేడా కూడా సరిగ్గా రెండు దెబ్బలే.

7. మాటల ఎంపిక

తెలుగులో పరిభాష తయారుచేసేటప్పుడు రెండు దారులు కనిపిస్తాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాల కోసం ఎక్కువగా సంస్కృత పదాలను ఆశ్రయించింది. అంతకు ముందే, 1962లో, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన వ్యవసాయ వృత్తి పదకోశం ఊరూరా తిరిగి రైతుల నోటి మాటలను సేకరించింది. ఆట నేర్పే సందర్భానికి రెండో దారే అనువైనది. మైదానంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండే కొద్దిపాటి వ్యవధిలో చెప్పే మాట కురచగా, చెవికి తెలిసినదిగా ఉండాలి. వెడ్జ్, గ్రీన్, జెండా, కేడీ వంటి మాటలు వచ్చి చేరాయి, వాటిని కదిలించనక్కర్లేదు. రంధ్రం, కుహరం వంటివి తెచ్చే అవసరం లేదు. గోలీలాటలోనూ బిళ్ళంగోడులోనూ ఉన్న గుంట ఉండగా మరో మాట వెతకడం వృథా. ఇసుక గుంటకు, ఆట గుంటకు తికమక వస్తుందనుకుంటే మొదటిదాన్ని ఇసుక అంటే చాలు. ముఖం వాలుకు వాలు, బంతి దొర్లే దూరానికి దొర్లుడు, వెనక్కి ఎత్తే పొడవుకు ఊపు సరిపోతాయి. గ్రీన్ చేరకుండా కావాలని ముందే ఆగడాన్ని ఇవతల ఆగడం అంటే విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఈ మాటలతో ఒక కేడీ తన ఆటగాడికి చెప్పే సలహా ఇలా ఉంటుంది: జెండాకు డెబ్బై గజాలు, ముందంచుకు అరవై రెండు. ఎదురుగాలి ఉందండి, లాబ్ వద్దు, గ్యాప్ తీసుకోండి. ఊపు రొమ్ము దాకా. ఎడమ పక్క నీళ్ళు, గురి జెండాకు కుడిగా రెండు బారలు. పడ్డాక దొర్లుడు ఒక బార ఉంటుంది.